మాల వేసుకున్న మూడో రాత్రి

2011 జనాభా లెక్కల్లో మా కందుకూరు 57 వేల మంది ఉన్న ఊరు. మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, చదువుకున్నవాళ్లెందరు, ఆరేళ్లలోపు పిల్లలెందరు, అన్నీ రాసుకుపోయారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి అటు పోయాం, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. ఏ జిల్లాలో ఉన్నా మా తలలు లెక్కకొస్తాయి. ఇంట్లో తాగుడికి బానిసైన మనిషి ఉన్నాడా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా మా ఇంట్లో చెప్పి ఉండేవాళ్లు కాదు. ఇంత చిన్న ఊళ్లో షుగరుందని చెప్పుకోవచ్చు, గుండెకి స్టెంటు వేశారని చెప్పుకోవచ్చు. ఇది బయటపడితే కూతురికి సంబంధాలు రావు.

ఇప్పుడు భయం తగ్గింది కాబట్టి చెబుతున్నాను. కొందరి మీద కోపం మాత్రం తగ్గలేదు.

నాది పొగాకు వ్యవసాయం. ఆకుని వేడికి ఆరబెట్టే సొంత బేరన్ ఒకటి ఉంది, కొంత పొలం కౌలుకి చేస్తాను. ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా మంట చూసుకుంటూ అక్కడే ఉండాలి. అలవాటు అక్కడ మొదలై ఇంటిదాకా వచ్చింది. తాగే మనుషుల కథలన్నీ ఆ దారిలో ఒకేలా ఉంటాయి, అందుకని వివరాల్లోకి పోను. చివరికి వచ్చేసరికి పొద్దున్నే గుక్కెడు లోపలికి పోతే గాని పళ్లు తోముకోవడానికి చెయ్యి నిలిచేది కాదు.

కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటే మానేస్తాడని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. మా వైపు చాలామంది అలాగే మండలం రోజులు మానతారు, ఆ తర్వాత మళ్లీ ముట్టనివాళ్లూ ఉన్నారు. గురుస్వామి మాల వేశాడు. ఆ పొద్దు నుంచి చుక్క ముట్టలేదు.

మొదటి రోజే చలికాలంలో ఒళ్లంతా చెమటలు. విభూతి పెట్టుకుంటుంటే వేలు నుదుటి మీద నిలవలేదు. రెండో రోజు అన్నం ముద్ద నోటిదాకా రాలేదు, నిద్ర అసలే లేదు. గురుస్వామితో చెబితే "స్వామి పరీక్ష పెడుతున్నాడు, ఓర్చుకో స్వామీ" అన్నాడు. ఆయనకి తెలిసింది అదే.

మూడో రాత్రి చాప మీద పడుకుని ఉన్నాను. గోడ మీది క్యాలెండరు మీద లద్దె పురుగులు పాకుతున్నాయి. పొగాకు నారు మళ్లో చూసేవే, కాకపోతే ఒక్కోటి వేలంత లావు. దులుపుతుంటే చేతుల మీదికి ఎక్కాయి, మోచేతి దాకా వచ్చాయి. బయట లారీలోంచి బేళ్లు దించుతున్న హమాలీల కేకలు వినిపిస్తున్నాయి, నా బేళ్లు తడిసిపోతున్నాయని నేను అరుస్తున్నాను. నవంబరులో వేలం ఎక్కడిది, బేళ్లు ఎక్కడివి? నాకు మాత్రం అది కళ్లెదుట జరుగుతోంది. మా అమ్మాయి మంచినీళ్లు తెచ్చి "నాన్నా" అంటే "ఎవరమ్మా నువ్వు?" అన్నానట. ఈ ముక్క నాకు గుర్తు లేదు. ఆ పిల్లకి గుర్తుంది. బావమరిది పట్టుకోబోతే వాడి మీదికి వెళ్లాను. మా అమ్మ గాలి సోకిందని దిష్టి తీసింది.

అర్ధరాత్రి దాటాక దగ్గర్లోని ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్లారు. అక్కడున్న డాక్టరు నా మెడలో మాల చూశాడు, నోరు వాసన చూశాడు, మా ఆవిడ వంక తిరిగి అన్నాడు: "తాగుబోతోడికి బెడ్డెందుకమ్మా? ఇది జబ్బు కాదు, కొవ్వు. ఇంటికి తీసుకెళ్లి ఒక పెగ్గు పొయ్యండి, వాడే పడుకుంటాడు." అని ఒక గ్లూకోజ్ సీసా తగిలించి లోపలికి పోయాడు. మాలలో ఉన్న మనిషికి పెగ్గు పొయ్యమన్న ఆ మాట మా ఆవిడ ఈనాటికీ మర్చిపోలేదు. నాకు అంతకంటే కోపం ఆ గ్లూకోజ్ గురించి. ఎందుకో తర్వాత తెలిసింది.

మా బావమరిది "ఏందక్కా, ఈణ్ణి నమ్ముకుంటే బావ బతకడు" అని సీసా ఊడదీయించి, తెలిసినవాళ్ల కారులో ఒంగోలు సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాడు. వాడి రుణం నేను తీర్చుకోలేను.

అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి, మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది, మొదట అడిగిన ప్రశ్న ఒకటే: "చివరిసారి తాగింది ఎప్పుడు?" సమాధానం వినగానే పరుగు మీద పని మొదలైంది. ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్, దాన్నే థయమిన్ అంటారు. ఏళ్ల తరబడి తాగేవాళ్ల ఒంట్లో అది అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ నర్సింగ్ హోంలో చేయబోయింది అదే!

తర్వాత ఆ డాక్టరమ్మే మా వాళ్లకి వివరంగా చెప్పింది. మద్యం మెదడుని మత్తులో అణచి ఉంచుతుంది, మెదడు దానికి ఎదురు తన్నుతూ పని చేయడం నేర్చుకుంటుంది. బ్రేకు నొక్కి ఉంచి ఆక్సిలేటర్ తొక్కుతున్న లారీకి ఒక్కసారిగా బ్రేకు తీసేస్తే ఎలా ఉరుకుతుందో, రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే అలా అవుతుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు. రెండు రోజుల్లోపు కొందరికి ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య లేనివి కనపడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు ఇచ్చి, రోజురోజుకీ డోసు తగ్గించుకుంటూ వస్తారు. మిగతా ఆసుపత్రి రోజుల్లో చెప్పుకోదగ్గదేమీ లేదు.

మాల సంగతి మా ఆవిడకి పెద్ద టెన్షన్. గురుస్వామి తనే ఒంగోలు వచ్చి, శరణు చెప్పి, నా మెడలోంచి తీశాడు. "స్వామి ఎక్కడికీ పోడు, ముందు నువ్వు లే" అన్నాడు. ఆ మాటకి ఆయన మీద కోపం సగం పోయింది.

మా అమ్మ పుట్టిల్లు కలిగిరి దగ్గర. సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన దూబగుంట రోశమ్మ గారి ఊరు ఆ మండలంలోదే. ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించి, వేలం పాటలు అడ్డుకున్న రోజులు అమ్మ కళ్లారా చూసింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో అదీ ఎత్తేశారు. దుకాణం మూయించడం తెలిసిన మా అమ్మకి, తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే చావొచ్చని ఎవరూ చెప్పలేదు. 2020 లాక్‌డౌన్‌లో మన కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఇప్పటికీ దాన్ని నవ్వుతూ చెప్పుకునేవాళ్లున్నారు. ఆ వణుకు పడిన వాణ్ణి నేను. అది నవ్వుకునే చావు కాదు.

ఇంకో కోపం బస్టాండు గోడల మీది, తాగుడు మాన్పించే మందుల పోస్టర్ల మీద. "వారికి తెలియకుండా అన్నంలో కలపండి" అని రాస్తారు. డైసల్ఫిరామ్ మాత్ర వేసుకున్న మనిషి తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు చూసి, మనిషికి చెప్పి, ఒప్పించి ఇచ్చే మాత్ర అది. చాటుగా కలిపేది కాదు. అమ్మా, అక్కా, దయచేసి ఆ పని చేయొద్దు. నాకు ఆశ తగ్గడానికి నాల్ట్రెక్సోన్ రాశారు, అదీ లివరు పరీక్ష చేశాకే.

దేశమంతా తిరిగి చేసి 2019లో ఇచ్చిన సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందని తేలింది. అది చదివాక మా వీధి గుర్తొచ్చింది. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు పోయి, నా వయసు మగవాళ్లమే మిగిలిన ఇళ్లు. ఆ మిగతా 37 మందిలో కొందరి పేర్లు నాకు తెలుసు. వాళ్ల ఇళ్లకి వెళ్లి 14446 నంబరు రాసిచ్చి వస్తున్నాను. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ఉచిత ఫోన్ అది. ఒకరి భార్య తలుపు వేసేసింది. ఆమెని తప్పుపట్టను.

వీలైన శనివారాల్లో మాలకొండ వెళ్తాను. అక్కడ నరసింహస్వామి గుడి తెరిచేది ఆ ఒక్క రోజే. డాక్టరు చెప్పిన తేదీకి ఒంగోలు కూడా మానకుండా వెళ్తాను. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదని నేను అనుకోను.

కిందటి కార్తీకంలో గురుస్వామి మాల వేసే ముందు ప్రతివాణ్ణీ పక్కకి పిలిచి, రోజూ తాగుతావా, మానితే వణుకొస్తుందా అని అడిగాడు. అవునన్న ఇద్దర్ని ముందు ఆసుపత్రికి పొమ్మన్నాడు. ఒకడు నాతో వచ్చి చేరాడు. రెండోవాడి వాళ్లు మాల వేయనన్నందుకు ఆయనతో తగాదా పెట్టుకున్నారు. ఆయన మాత్రం వేయలేదు.