కొర్రబయలులో తెల్లబడిన వేళ్లు

మబ్బులు చూద్దామని లంబసింగి వెళ్లాం. నా ఫోన్లో మాత్రం మబ్బుల ఫోటోలు రెండే ఉన్నాయి, నా వేళ్లవి ఆరు.

డిసెంబరు చివరి వారం. రాత్రికి నర్సీపట్నంలో పడుకుని, తెల్లవారుజామున మూడున్నరకే బయల్దేరాం. దూరం 30 కిలోమీటర్లే గానీ ఘాట్ రోడ్డులో పొగమంచు, కారు నత్తలా నడిచింది. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాళ్లు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరట. దారంతా దాని మీద జోకులే.

చెరువులవేనం కొండ మీద ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. గ్లౌజులు కారులోనే ఉండిపోయాయి. పది నిమిషాలయిందో లేదో, స్క్రీన్ నొక్కుతున్నా వేలికి తెలియడం లేదు. చూస్తే కుడిచేతి మధ్యవేలు, ఉంగరం వేలు రెండో కణుపు దాకా సున్నం పూసినట్టున్నాయి. గీత గీసినట్టు తెలుపు అక్కడితో ఆగింది. బొటనవేలు మాత్రం మామూలుగానే ఉంది.

వదిన కంగారుపడి టీ కొట్టు దగ్గరికి లాక్కెళ్లింది. చలిమంట మీదికి చేతులు చాపబోతే టీ కాచే ఆవిడ గదిమింది: "ఏటమ్మా, సేతులు కాల్సేసుకుంటావేటి? సంకల్లో ఎట్టుకో!" నిజమే, స్పర్శ లేని వేళ్లకు చర్మం కాలినా తెలీదు. చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి నేరేడుపండు రంగు, ఆ తర్వాత ఎరుపు, సూదులు గుచ్చినట్టు పోటు. రంగు మారినప్పుడల్లా వదిన ఫోటో తీస్తుంటే విసుక్కున్నాను.

విజయవాడ వచ్చి డాక్టరమ్మకి చూపిస్తే చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ ఫోటోలే పనికొచ్చాయి. చూడగానే "రేనాడ్స్" అంది. 1862లో దీని గురించి రాసిన ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో పేరే అది, మన నోట్లో అలా స్థిరపడింది. చలికి వేళ్ల రక్తనాళాలు ఎవరికైనా ముడుచుకుంటాయి, ఇది ఉన్నవాళ్లకు మరీ బిగుసుకుపోతాయి. చాలామందిలో దీని వెనక ఏ జబ్బూ ఉండదు. కొందరిలో లూపస్, స్క్లెరోడెర్మా లాంటివి, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బులు, ఉండొచ్చని వాటి జాడ చూసే ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష రాసింది. రిపోర్టు వచ్చేదాకా ఒకటే టెన్షన్. చివరికి నెగెటివ్ అని వచ్చింది. చేతులే కాదు, ఒళ్లంతా వెచ్చగా ఉంచుకోమంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన చేపలు తీసినప్పుడల్లా నా వేళ్లు పాలిపోయేవి. రక్తం తక్కువని అమ్మ ఏళ్ల తరబడి బీట్‌రూట్ రసం తాగించింది. ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"అయినా అది మానకు" అంది.