అడిగేవాళ్లు లేని ఊరిలో నా మొదటి ఏడాది

సెలవులకు తిరుపతికి వచ్చిన మరుసటి ఉదయం, వీధి చివర పాలు తీసుకుని తిరిగి ఇల్లు చేరేలోగా నన్ను నలుగురు ఆపి పలకరించారు. పాలామె "ఎప్పుడొచ్చినావమ్మా, ఇట్లా చిక్కిపోయినావే?" అంది. పూలు కట్టే అవ్వ ఆ దేశంలో అన్నం దొరుకుతుందా అని అడిగింది. ఎదురింటి మామకు చదువు ఎప్పటికి అయిపోతుందో, ఉద్యోగం ఎప్పటికి వస్తుందో కావాలి. ఇంజనీరింగు చదివే రోజుల్లో ఈ ప్రశ్నలు తప్పించుకోవడానికి పక్క సందులోంచి తిరిగి వెళ్లేదాన్ని. ఈసారి మాత్రం ఒక్కొక్కరి దగ్గరా నిలబడి, పాలు వేడెక్కిపోతున్నా, అన్నిటికీ సమాధానం చెప్పి వచ్చాను. ఎందుకంటే, జర్మనీలోని డ్రెస్డెన్‌లో గడిపిన ఈ ఏడాదిలో నేను అన్నిటికంటే ఆలస్యంగా అలవాటు చేసుకున్నది, అడిగేవాళ్లు లేకుండా బతకడం.

2024 అక్టోబరులో బయలుదేరాను. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి బోధనా రుసుము ఉండదు. సెమిస్టరుకు ఒకసారి కొద్ది మొత్తం కడితే చాలు. కానీ అప్పట్లో వీసా రావాలంటే ఏడాది ఖర్చులకు సరిపడా 11,904 యూరోలను ముందుగానే ప్రత్యేక ఖాతాలో వేసి చూపించాల్సి వచ్చింది. ఆ డబ్బు మనదే అయినా, నెలకు 992 యూరోలకు మించి చేతికి వచ్చేది కాదు. దానికోసం నాన్న బ్యాంకు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో నేను చూశాను కనుక, అక్కడ దిగిన రోజు నుంచి ప్రతి యూరో వెనుకా ఆయన కాళ్ల నొప్పులు గుర్తుకు వచ్చేవి.

మొదటి తరగతి ముగియగానే విద్యార్థులందరూ వేలి కణుపులతో బల్లల మీద తట్టడం మొదలుపెట్టారు. ఏదో గొడవ జరుగుతోందనుకుని బెదిరాను. చప్పట్లకు బదులు అధ్యాపకునికి చెప్పే కృతజ్ఞత అదేనని తరువాత తెలిసింది. అంతకంటే వింత, ఆ రోజు కానీ ఆ తరువాత కానీ ఎవరూ హాజరు పిలవకపోవడం. తిరుపతిలో నేను ఒక్క పూట రాకపోయినా నాన్న ఫోనుకు సందేశం వెళ్లేది; 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనిచ్చేవారు కాదు. అక్కడ చాలా సబ్జెక్టులకు మధ్యలో పరీక్షలూ లేవు, చివర ఒకటే పరీక్ష. ఆ పరీక్ష రాస్తామని గడువులోగా మనమే నమోదు చేసుకోవాలి. సెమిస్టరంతా ఒక్క తరగతి మానకుండా వెళ్లిన నేను, నా పేరు జాబితాలో దానంతటదే ఉంటుందనుకున్నాను. గడువు దాటిన తరువాత కార్యాలయానికి వెళితే, ఇక వీలుకాదని, తరువాతి అవకాశానికి ఆగాలని మర్యాదగానే చెప్పారు. నియమం ముందే రాసి పెట్టి ఉంది, పొరపాటు నాదే. అయినా, ఒక్కరైనా గుర్తు చేసి ఉంటే ఎంత బాగుండేదని ట్రాములో గదికి వచ్చేదాకా కన్నీళ్లు ఆగలేదు.

ఆ వారాంతంలోనే జ్వరం వచ్చింది. ఆదివారాలు అక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి. ముందురోజే కొనిపెట్టుకోవాలి, నేను కొనలేదు. గదిలో బియ్యం కూడా అయిపోయాయి. శీతకాలంలో సాయంత్రం నాలుగు దాటితే వెలుతురు తగ్గిపోతుంది. అమ్మ ఫోను సరిగ్గా ఆ వేళకే, అంటే ఇక్కడి రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేది. "తిన్నావా?" అంది. తిన్నానన్నాను. ఫోను పెట్టేసిన తరువాత చాలాసేపు ఆలోచించి, అప్పటిదాకా నమస్కారం తప్ప మరో మాట ఎరగని పక్కగది పోలండ్ అమ్మాయి తలుపు తట్టాను. ఆమె వేడి సూపు, మాత్రలు తెచ్చి ఇచ్చి, రాత్రి మరో రెండుసార్లు వచ్చి చూసింది. "నువ్వు ఒంటరిగా ఉండటమే ఇష్టపడతావేమోనని ఇన్నాళ్లూ పలకరించలేదు, చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?" అన్న ఆమె మాట నాకు ఆ ఏడాదంతా పనికి వచ్చింది. పలకరించకపోవడం అక్కడ నిర్లక్ష్యం కానక్కరలేదని, ఎదుటివారి ఏకాంతానికి ఇచ్చే గౌరవం కూడా కావచ్చని అప్పుడే అర్థమైంది.

ఆ తరువాత అధ్యాపకుని సంప్రదింపు వేళకు వెళ్లి, అర్థం కాని భాగాన్ని అర్థం కాలేదని చెప్పాను. ఆయన అరగంటకు పైగా కూర్చుని బొమ్మలు గీసి వివరించారు. ఇంటరు నుంచి నాకు సమాధానాలు రాయడంలో ఎంతో తర్ఫీదు ఇచ్చారు కానీ, తెలియదని నోరు తెరిచి చెప్పే ధైర్యాన్ని ఎవరూ నేర్పలేదు. మన కాలేజీల మీద నాకున్న అసలు బాధ ఇదే. నమోదు కాక రాయలేకపోయిన పరీక్షను వేసవిలో రాసి 1.7 తెచ్చుకున్నాను, అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 దాటితే తప్పినట్టు.

నిన్న రాత్రి వసారాలో కూర్చుని, పరీక్ష సంగతి, జ్వరం సంగతి అమ్మకు మొదటిసారి చెప్పాను. ఆమె చెనక్కాయలు ఒలవడం ఆపలేదు. కాసేపటికి, తల ఎత్తకుండానే, "దినామూ అడగతానే ఉండాను కదమ్మా, నువ్వు చెప్పకపోతివే" అంది.