దారి గట్టున వాక్కాయ కంచె

మాది అనంతపురం జిల్లా. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన. రెండెకరాల ఎర్రనేలలో వేరుశనగ, అందులో కంది సాళ్లు. దారి వైపు 300 అడుగుల గట్టు బోసిగా ఉండటంతో పోయే మేకలూ వచ్చే పశువులూ చేన్లో దిగేవి. రాతికూసాలు పాతి ముళ్లతీగ లాగుదామంటే డబ్బు సరిపోలేదు. అప్పుడు మా జేజి అంది: "కలివి చెట్లు పెట్టు నాయనా. నీళ్లు అడగవు, కాపలా అడగవు."

జేజి చెప్పే కలివి కొండల్లో పెరిగే చిన్నకాయ రకం. పక్కనున్న కడప జిల్లాలో ఆ పొదల మధ్య తిరిగే పిట్టనే కలివికోడి అంటారు. ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో అక్కడే మళ్లీ కనబడింది. నేను పెట్టింది కలివికి దగ్గరి చుట్టం, కాయ పెద్దగా వచ్చే వాక్కాయ.

మొదటి ఏడాది విత్తనాల దగ్గరే దెబ్బ తిన్నాను. ఎండిన గింజల పొట్లం కొని 300 కవర్లలో పెడితే నెల దాటినా తొమ్మిదే మొలిచాయి. చాలా బాధపడ్డాను. "ఎండిన ఇత్తనంలో పానం యాడుంటాది? పండు పిసికిన చేత్తోనే నేలకెయ్యాల" అంది జేజి. ఆమె మాటే నిజం. ఈ గింజ నిల్వకు ఆగదు. మరుసటి ఆగస్టులో బంధువుల తోటకెళ్లి బాగా నల్లబడిన పండ్లు తెచ్చి, నీళ్లలో పిసికి, గుజ్జు పోయేదాకా కడిగి, ఒక్కరోజు నీడన ఆరబెట్టి కవర్లలో పెట్టాను. ఇరవై రోజులకు జంట ఆకులు పైకొచ్చాయి.

ఆ మరుసటి జూలైలో వాన పడగానే అడుగు లోతు గుంతల్లో గంపెడు పశువుల ఎరువు వేసి నాటాను. మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు, రెండు వరుసలు, ఎదురెదురుగా కాకుండా ఒకటి విడిచి ఒకటి. మొత్తం 240. తొలి వేసవిలో పదిరోజులకోసారి తలా చెంబెడు నీళ్లు పోసినా 31 చచ్చిపోయాయి. లేత చిగుళ్లను మేకలు వదలవు. రెండేళ్లు తుమ్మకంప అడ్డం పెట్టాల్సి వచ్చింది. కాపలా అక్కర్లేదన్నది ఆ తర్వాతి మాట!

అన్నిటికన్నా ముఖ్యం కత్తిరింపు. మొక్క మోకాలెత్తుకు రాగానే తల కొట్టేయాలి. మనసొప్పక సగం వరుస వదిలేశాను. కొట్టినవి నేలనుంచే గుబురు కట్టాయి, వదిలినవి పైకి సాగి కాళ్ల దగ్గర బోసిపోయాయి. ఆ సందులోంచే అడవిపందులు దూరి రెండు సాళ్ల వేరుశనగ తవ్వేశాయి. తర్వాత వాటినీ కొట్టాను. తోలు చేతితొడుగులు లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. ముల్లు సూదిలా దిగుతుంది, జంటగా ఉంటుంది, కొన్నింటికి కొన దగ్గర రెండు చీలికలు. కొమ్మ తెగిన చోట పాలు కారి కత్తెరకు బంకలా పడతాయి. కాపు అయిపోయాకే కత్తిరించాలి, లేదంటే పూత పోతుంది.

మూడో ఏడు మల్లెల్లాంటి తెల్లపూలు వచ్చి గట్టంతా వాసన. జూలైలో పచ్చికాయలు కోశాం. తరిగేముందు చేతికీ కత్తికీ నూనె రాసుకోవాలి, కాయల్ని కాసేపు ఉప్పునీళ్లలో వేస్తే పాలు దిగిపోతాయి. రెండుగా చీల్చి గింజ తీసి కందిపప్పు, పచ్చిమిర్చితో ఉడికిస్తే చింతపండు అక్కర్లేదు. ఆ పులుపు చింతపండుకు రాదని నా అభిప్రాయం. జొన్నరొట్టెలోకి మరీ బాగుంటుంది. మిగిలినవి జేజి జాడీలో పచ్చడి పెట్టింది.

ఈ ఆగస్టులో మళ్లీ నల్లపండ్లు పిసికి, 200 కవర్లు నింపి వేపచెట్టు కింద పెట్టాను. తూర్పు గట్టు ఇంకా ఖాళీగా ఉంది.