ముదురు నీలం కారు, రెండోసారి

నిన్న రాత్రి మైనం పూసి తుడిచి పక్కన పెట్టాను. 1/24 స్కేల్ ప్లాస్టిక్ మోడల్ కారు, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు, ముదురు నీలం. బానెట్‌లో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం ఎక్కడా వంకర పోకుండా తిన్నగా పడుతోంది. నాలుగు నెలల పని ఇది. అందులో సగానికి పైగా చెడగొట్టుకున్నది బాగుచేసుకోవడానికే పోయింది.

మొదట్లో పెద్ద కష్టమేం లేదు. బాడీని గిన్నెల సబ్బుతో కడిగి, అచ్చు గీతల్ని 600 నంబరు గరుకు కాగితంతో తీసేసి, రంగు కింద వేసే పూత, బూడిదరంగు ప్రైమర్ కొట్టాను. స్ప్రే డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా పడుతుంది. వేడినీళ్లు మాత్రం వద్దు, డబ్బా పేలే ప్రమాదం ఉంది. నీలం నాలుగు పొరలు, పైన క్లియర్ అనే రంగులేని పూత మూడు పొరలు. దుమ్ము పడకుండా మూత పెట్టండి. 0.1 మిల్లీమీటరు నలుసు పడినా, ఈ స్కేల్‌లో అది అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్ల గులకరాయితో సమానం.

నన్ను ఏడిపించింది పాలిష్. క్లియర్ ఆరాక చూస్తే పైనంతా నారింజ తొక్కలా ఉంది. తుంపర చుక్కలు పరుచుకునేలోపే ఆరిపోతే ఇలాగే అవుతుంది. దాన్ని రుద్ది చదును చేస్తేనే అద్దంలా మెరుస్తుంది. ‘ఒక్క రోజు ఆరితే చాలు’ అని వీడియోలో ఒకాయన ధీమాగా చెప్పాడు. నమ్మి రెండో రోజే కూర్చున్నాను. 2000 నంబరు కాగితం తడిపి రుద్దుతుంటే పాలలాంటి నీళ్లు దిగాయి. అది క్లియర్ పొడి, అంతవరకు ఫర్వాలేదు. ఎడమవైపు ముందు చక్రం పైనున్న అంచు దగ్గర ఆ తెల్లనీళ్లలో సన్నటి నీలిచార కనిపించింది. అప్పుడే ఆగాల్సింది. ఇంకో రెండుసార్లు రుద్దాను. తుడిచి చూస్తే అంచు పొడవునా దారప్పోగంత బూడిదరంగు గీత. ప్రైమర్ బయటపడింది.

బ్రష్‌తో నీలం అద్ది, కాంపౌండ్ అనే పాలిష్ ముద్ద పెట్టి మెరిపించి, కొన్ని వారాల తర్వాత మోడల్స్ చేసేవాళ్లం కలిసినప్పుడు తీసుకెళ్లాను. అప్పటికే మెరుపు కింద అలలు తేలాయి. లోపల మిగిలిన సాల్వెంట్, అంటే రంగును కరిగించి ఉంచే ద్రవం, మెల్లగా బయటికి పోయేకొద్దీ పొర కుంచించుకుపోతుంది. ఒక పెద్దాయన కారును వెలుతురుకి పెట్టి, గోటితో సరిగ్గా ఆ అంచు మీదే గీశాడు. “అంచు తినేశావు కదయ్యా, ఇంత తొందరైతే ఈ పని ఎందుకు పెట్టుకున్నావు?” అన్నాడు, అందరి ముందూ. తల ఎత్తలేకపోయాను. ఆయన అన్నది నిజమే. కానీ తప్పు చూపించినవాడు దారి కూడా చూపించాలి. ఆయన చూపించలేదు, నేను చెప్తాను.

తడి రంగు పదునైన అంచు మీద నిలవదు, అటూ ఇటూ జారిపోతుంది. అక్కడ పొర ఎప్పుడూ పలచనే. పైగా మన వేలి ఒత్తిడంతా పడేదీ అక్కడే. కాబట్టి కాగితం పట్టుకునే ముందు అంచులు, డోర్ గీతల పక్కనున్న మడతలు అన్నిటికీ సన్నటి మాస్కింగ్ టేపు వేయండి. టేపు తీశాక అక్కడ కాంపౌండ్ తప్ప ఇంకేమీ వాడకండి.

ఆ బాడీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రంగంతా ఊడ్చేశాను. లాక్కర్ థిన్నర్ జోలికి మాత్రం పోకండి, ప్లాస్టిక్కే కరిగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి కొట్టి ఈసారి నాలుగు వారాలు ముట్టుకోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే రంగు వాసన వస్తున్నంతకాలం ఆరనట్టే. తర్వాత 2000, 3000, ఆపైన ముతక, సన్న, చివరి కాంపౌండ్లు, ఒక్కోదానికి వేరే గుడ్డ. ముతక రవ్వ ఒక్కటి అంటుకున్నా చివర్లో కొత్త గీతలు పడతాయి. డోర్ గీతల్లో ఇరుక్కున్న తెల్లటి కాంపౌండ్‌ను తడి టూత్‌పిక్‌తో తీశాను, దానికే ఒక పూట పట్టింది.

ఎడమ చక్రం పైనున్న అంచును నిన్న భూతద్దంతో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాను. అంతా నీలమే. ఈసారి కలిసినప్పుడు ముందు ఆ పెద్దాయన చేతికే ఇస్తాను.