గది అద్దె ఒకటి, బిల్లు ఇంకొకటి

హైదరాబాద్ హైటెక్ సిటీ చుట్టుపక్కల పెద్ద హోటల్లో గది వెతికేవాళ్ల కళ్లు స్క్రీన్ మీద లావుపాటి అంకె దగ్గరే ఆగిపోతాయి. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘పన్నులు అదనం’ అని ఉంటుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. ఒక్క రూపాయి దాటిందా, 18 శాతం. దాటిన రూపాయి మీదే అనుకునేరు, మొత్తం అద్దె మీద. 7,400 గది పన్నుతో 7,770 అవుతుంది. 7,600 గది 8,968 అవుతుంది. అద్దెలో తేడా 200, జేబులోంచి పోయేది 1,198. అంత పోసినా అదనంగా ఒక దిండు కూడా రాదు. ‘ఇంకో రెండొందలేగా, కిటికీ ఉన్న గది తీసుకుందాం’ అనేముందు ఈ గీత ఎక్కడుందో చూసుకోవాలి. ఎక్స్‌ట్రా బెడ్ డబ్బు గది అద్దెలోనే కలుస్తుంది కాబట్టి అదీ గీత దాటించగలదు. టిఫిన్ కలిపి ఒకే రేటు చెప్పిన ప్యాకేజీకీ ఇదే లెక్క.

ఆఫీసు ఖర్చే కదా, పన్ను వెనక్కి వస్తుందిలే అనుకునేవాళ్లకు ఒక మాట. హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రంలోనే పడుతుంది. విజయవాడ జీఎస్టీ రిజిస్ట్రేషన్ మాత్రమే ఉన్న కంపెనీకి హైదరాబాద్ గది మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన పన్నును తన పన్నులోంచి తగ్గించుకునే వీలు, రాదు.

రేటు పక్కన ఉండే పొడి అక్షరాలు కూడా చదవాలి. ఈపీ అంటే ఉత్త గది. సీపీ అంటే గదీ టిఫినూ. ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలూ. ఇక్కడ ఏపీ ఆంధ్రప్రదేశ్ కాదు, అమెరికన్ ప్లాన్. ఈపీలో దిగి పొద్దున్నే ఇడ్లీ కోసం కిందికి వెళ్తే రెండు ఇడ్లీల ధరకు వీధి చివర బండి దగ్గర ఇంటిల్లిపాదీ తినొచ్చు. పైగా కిందటి ఆర్థిక సంవత్సరంలో ఒక్క గదినైనా 7,500 దాటి ఇచ్చిన హోటలైతే తిండి మీద కూడా 18 శాతం పడుతుంది. మామూలు టిఫిన్ సెంటర్లో అది 5 శాతమే. రాత్రి గదిలోకి తెప్పించుకున్న పెరుగన్నానికీ మినహాయింపు లేదు. కొన్నిచోట్ల ట్రే చార్జీ అని ఇంకొకటి కూడా చేరుతుంది.

నీళ్ల సీసాల దగ్గర జాగ్రత్త. కెటిల్ పక్కన ‘కాంప్లిమెంటరీ’ అని చీటీ ఉన్నవి ఉచితం. మినీబార్ ఫ్రిజ్‌లో ఉన్నవి కావు. ‘సీసా మీద ఇరవై ఉంటే వంద ఎలా వేస్తారు?’ అని గొడవకు దిగినా ఫలితం ఉండదు. హోటళ్లు ఎంఆర్‌పీకి మించి అమ్ముకోవచ్చని 2017 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కొన్ని మినీబార్లకు సెన్సర్లుంటాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగు డబ్బా పెట్టడానికి అందులోని సీసాలు పక్కకు జరిపితే తాగనిదానికి కూడా బిల్లు పడుతుంది. ఖాళీ ఫ్రిజ్ కావాలని హౌస్‌కీపింగ్‌కు ఫోన్ చేయడం మేలు. అదే ఫోన్లో బకెట్టూ మగ్గూ కూడా అడిగేయండి. పాలరాతి బాత్రూమ్‌లో ఎన్ని రకాల షవర్లున్నా ఆ రెండూ అడిగితే తప్ప రావు.

భోజనం బిల్లులో సర్వీస్ చార్జ్ ఉంటే తీసేయమని అడగొచ్చు. తప్పనిసరిగా వసూలు చేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మామూలుగా 10 శాతం వేస్తారు, దాని మీద మళ్లీ జీఎస్టీ. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. చాలాసార్లు ఆ నంబరు పలికితేనే క్యాషియర్ కొత్త బిల్లు ప్రింట్ చేస్తాడు.

హోటల్లో దిగేటప్పుడు డిపాజిట్‌కు డెబిట్ కార్డు ఇవ్వకండి. క్రెడిట్ కార్డయితే లిమిట్లో కొంత ఆగుతుంది, అంతే. డెబిట్ కార్డయితే ఖాతాలోని సొంత డబ్బే ఇరుక్కుంటుంది, ఊరికి చేరిన కొన్ని రోజులకు గానీ విడుదల కాదు.

ఇక తిరుగు ప్రయాణం. రాత్రి బండి, పగలు 11కో 12కో చెకౌట్. ఆ మధ్య గంటల కోసం చాలామంది సగం రోజు అద్దె కట్టేస్తారు. అక్కర్లేదు. గది ఖాళీ చేసి సామాను బెల్ డెస్క్‌లో ఇచ్చి ట్యాగ్ తీసుకుంటే సాయంత్రం దాకా ఊరికే ఉంచుతారు. బిల్లు మాత్రం ముందు రాత్రే తీయించి చూడాలి. బయల్దేరే వేళ క్యాబ్ గుమ్మంలో ఉన్నప్పుడు తాగని జ్యూస్ గురించి వాదించే ఓపిక ఎవరికీ ఉండదు, ఆ సంగతి కౌంటర్ వాళ్లకూ తెలుసు.

సికింద్రాబాద్ వెళ్లాలంటే సాయంత్రం పూట హోటల్ కారు కన్నా మెట్రో నయం. రాయదుర్గం, హైటెక్ సిటీ స్టేషన్ల నుంచి సికింద్రాబాద్ ఈస్ట్‌కు నీలం లైనులో నేరుగా వెళ్లొచ్చు, మారే పని లేదు. బస్సుకైతే అమీర్‌పేటలో ఎర్ర లైను ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాలి. కానీ ముందు రైలు టికెట్ మీద స్టేషన్ పేరు చదవండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బండ్లు అటు మళ్లాయి. అది ఊరికి అటు చివర, హైటెక్ సిటీ ఇటు చివర. అక్కడికి మెట్రో లేదు. వానాకాలం సాయంత్రమైతే రెండు గంటలు చేతిలో ఉంచుకుని బయల్దేరాలి.