కలంకారీ రెండో బట్ట: ఎరుపు దాకా వచ్చింది

మొదటి బట్ట పోయినేడాది సగంలోనే చెడిపోయింది. రెండోది మార్చి 2న మొదలుపెట్టాను, ఇవాళ ఏప్రిల్ 19, ఎరుపు అయింది, పసుపూ నీలమూ మిగిలాయి. ఎంతెంత వేశానో, ఎన్నాళ్లు పట్టిందో మర్చిపోకముందే రాసి పెడుతున్నాను, ఇంట్లో చేద్దామనుకునేవాళ్లకి పనికొస్తుంది. నాది శ్రీకాళహస్తి పద్ధతి, అంటే అచ్చులుండవు, అంతా కలం పట్టుకుని చేత్తో గీయడమే. పెడన వైపు చెక్క అచ్చులతో వేసేది వేరే పని.

అన్నిటికంటే ముందు నీళ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే నా మొదటి బట్టని ముంచింది అదే. కరక్కాయ పొడీ పాలూ కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తే లేత పసుపు రావాల్సిన గుడ్డ బూడిద రంగులోకి తిరిగింది. కరక్కాయ పాతదేమో అని కొట్టు మార్చాను, పాలు మార్చాను, అయినా అంతే. చివరికి శ్రీకాళహస్తి వెళ్లి రెండు రోజులు ఒక మాస్టారి దగ్గర కూర్చున్నప్పుడు ఆయన ఆ గుడ్డ చేతిలోకి తీసుకుని, వెలుగులో పెట్టి చూసి "మీది బోరు నీళ్లా అమ్మా?" అన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో వాడకానికి వచ్చేది బోరు నీళ్లే, వాటిలో ఇనుము ఎక్కువ. కరక్కాయ వగరుకి ఇనుము తగిలితే నలుపెక్కుతుంది. నల్ల గీత పడేదీ దీనివల్లే కాబట్టి, గీతలో ఉండాల్సిన ఇనుము నీళ్లలో ఉంటే గుడ్డంతా మసకబారుతుంది. ఇప్పుడు ముందే చూసుకుంటున్నాను: గ్లాసుడు నీళ్లలో చిటికెడు కరక్కాయ పొడి వేసి పది నిమిషాలు వదిలేస్తే చాలు, నీళ్లు నల్లగా తిరిగాయంటే ఆ నీళ్లు వద్దు. వంటింటి కుళాయిలో మున్సిపల్ నీళ్లు బాగానే ఉన్నాయి, అవే బకెట్లతో మేడ మీదికి మోస్తున్నాను.

మార్చి 2న నల్ల రంగు పులియబెట్టాను, దీన్ని అక్కడ కసిం అంటారు. తుప్పు పట్టిన మేకులు, ఇనప ముక్కలు అర కిలో, బెల్లం 100 గ్రాములు, తాటిబెల్లం 50 గ్రాములు, నీళ్లు లీటరున్నర, మట్టికుండలో పోసి పైన గుడ్డ కట్టి బాల్కనీలో ఒక మూల పెట్టాను. వారానికి నురగ వచ్చింది, పుల్లటి వాసన కూడా. 18వ రోజు వడగట్టి, కరక్కాయ పట్టించిన పాత ముక్క మీద ఒక చుక్క పెట్టాను. చుక్క పడ్డప్పుడు టీ రంగులో ఉంది, చూస్తుండగానే అంచుల్నించి మధ్యకి నల్లబడింది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు తనివి తీరదు.

గుడ్డ గాడా బట్ట, అంటే ముతక నూలు గుడ్డ, మీటరున్నర. గంజి పోయేలా రాత్రంతా నానబెట్టి ఉతికి ఆరేశాక, కరక్కాయ పొడి 60 గ్రాములు అర లీటరు నీళ్లలో కలిపి, అర లీటరు గేదె పాలు పోసి, అందులో ముంచి పిండాను. పాలలో కొవ్వు ఉండాలి, లేకపోతే గీత పక్కలకి పాకుతుంది. నేను వెన్న తీసిన ప్యాకెట్ పాలతో చేసి చూశాను, గీతలన్నీ గొంగళిపురుగుల్లా వచ్చాయి. ఈసారి ఆరబెట్టడం దగ్గర తప్పు చేశాను: తడి గుడ్డని ఇనప తీగ మీద వేశాను. మడత పడ్డ చోట అడ్డంగా సన్నటి నల్ల గీత పడిపోయింది, ఉతికినా పోలేదు. రెండు రోజులు దిగులుపడి, ఆ గీత మీదే చెట్టు కొమ్మ వచ్చేలా బొమ్మ మార్చుకున్నాను. ఇప్పుడు నైలాన్ తాడు కట్టాను.

బొమ్మ ఒక చెట్టు, కింద రెండు నెమళ్లు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు గీసుకున్నాను, తప్పు పోతే దులిపితే పోతుంది. కలం వెదురు పుల్లే, మొన సన్నగా చెక్కి, మొనకి అంగుళం పైన ఉన్ని చుట్టి దారంతో బిగించి కట్టాలి. ఉన్ని కసిం పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కిన కొద్దీ మొనలోకి దిగుతుంది. గట్టిగా నొక్కితే బొట్టు పడుతుంది, నొక్కకపోతే గీత మధ్యలో తెగుతుంది. నెమలి మెడ దగ్గర ఒకే ఊపులో లాగాల్సిన గీతకి పాత గుడ్డ మీద నలభైసార్లు పైనే సాధన చేశాను. గీతలన్నిటికీ తొమ్మిది సాయంత్రాలు పట్టింది.

నాకు నేర్పిన మాస్టారు చెప్పారు, వాళ్ల పెద్దల కాలానికి ఈ పని చేసేవాళ్లు చాలా తగ్గిపోయారట. చేతిపనుల్ని నిలబెట్టడానికి పాటుపడ్డ కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోబట్టి 1957లో శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చింది, ఆ తర్వాతే కొత్త చేతులు తయారయ్యాయి. 2008లో కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. నా దగ్గర ఉన్న కలం కట్టే పద్ధతి అలా చేతులు మారుతూ వచ్చిందని తలుచుకుంటే బొట్టు పడినప్పుడు కూడా విసుగు రావడం లేదు.

ఏప్రిల్ 5న ఎరుపు రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు పూశాను, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. పటిక కంటికి కనపడదు, అందుకని చిటికెడు మంజిష్ఠ (ఎరుపు రంగిచ్చే వేరు) పొడి కలుపుకున్నాను. రెండు రోజులు ఆరనిచ్చి, అదనపు పటిక పోయేదాకా పారే నీళ్లలో జాడించాలి. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి నది ఉంది, మాకు లేదు కాబట్టి ఇద్దరం చెరో కొసా పట్టుకుని మగ్గులతో పోస్తూనే ఉన్నాం. నీళ్లు నిలవ ఉంటే పటిక పక్క చోట్లకి అంటుకుని అక్కడా ఎరుపు తేలుతుంది. తర్వాత మంజిష్ఠ 200 గ్రాములు రాత్రి నానబెట్టినది స్టీలు గిన్నెలో సన్న సెగన కాచి, గుడ్డ వేసి, కర్రతో తిప్పుతూ ముప్పావు గంట ఉంచాను. కొమ్మల మధ్య పువ్వులు ఇటుక ఎరుపులోకి తేలాయి. నెమలి తోకలో మాత్రం ఒక చోట పాలిపోయింది, అక్కడ పటిక సరిగ్గా పడలేదన్నమాట.

ఉడికించినప్పుడు ఖాళీ చోటంతా లేత గులాబీ పట్టింది. అది పోవడానికి పేడ నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మేడ మీద పరిచి, ఆరకుండా నీళ్లు చల్లుతూ మూడు రోజులుగా ఎండలో ఉంచుతున్నాను. సగం పోయింది. అది పూర్తయ్యాక మళ్లీ పాలలో ముంచాలి, లేకపోతే పసుపు పాకిపోతుంది. పసుపుకి దానిమ్మ తొక్కలు ఎండబెట్టి ఉంచాను, నీలిమందు ఇంకా తెచ్చుకోవాలి.