అరువు బాణీ పుట్టిన ఊరు

జర్మనీలోని వైమర్ వెళ్ళేవాళ్ళు మహాకవులు గోథే కోసమో షిల్లర్ కోసమో వెళ్తారు. నేను ఫ్లాష్ గోర్డన్ కోసం వెళ్ళాను.

నిరుడు చలికాలం జ్వరంతో మంచం పట్టినప్పుడు, యేనాలోని మా గదిలో ఒక పాత హాలీవుడ్ సీరియల్ చూశాను. 1940లో యూనివర్సల్ వాళ్ళు తీసిన ‘ఫ్లాష్ గోర్డన్ కాంకర్స్ ది యూనివర్స్’. మొత్తం 12 భాగాలు. దుర్మార్గుడైన మింగ్ చక్రవర్తి భూమి మీద విషధూళి చల్లిస్తాడు, నుదుట ఊదా మచ్చ పడి జనం కూలిపోతుంటారు. రాకెట్లు చూస్తే నవ్వాగదు. అంతరిక్షంలో కూడా వాటి పొగ సాంబ్రాణి పొగలా నిలువునా పైకి లేస్తుంది! సంగీతం మాత్రం ఆ బొమ్మల స్థాయిది కాదు. తోలుబొమ్మకు పట్టుపంచె కట్టినట్టుంది. ఎవరిదా అని వెతికితే పందొమ్మిదో శతాబ్దపు స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ పేరు వచ్చింది. ‘లే ప్రెల్యూద్’ అనే కృతి. దాన్ని మొదటిసారి వాయించిన ఊరు వైమర్, మాకు రైల్లో పావుగంట దూరం.

అక్టోబరులో ఒక శనివారం బయలుదేరాను. ముందుగా నాటకశాల. ఎదుట గోథే, షిల్లర్ విగ్రహాలై ఒకే లారెల్ ఆకుల దండ పట్టుకుని నిలబడి ఉంటారు, అందరూ వాళ్ళతోనే ఫొటోలు దిగుతున్నారు. ఇప్పటి భవనం 20వ శతాబ్దపుది. ఇక్కడి పాత ఆస్థాన నాటకశాలలో 1854 ఫిబ్రవరి 23న లిస్ట్ స్వయంగా నిలబడి ఈ కృతిని వాయింపజేశాడు. మొదట అది వేరే బృందగానాలకు ముందుమాటగా పుట్టింది. తర్వాత దాన్ని మార్చి, ఫ్రెంచి కవి లామార్తీన్ కవిత పేరు తగిలించాడు. అంటే పుట్టినింటిలోనే అది ఒకసారి చేతులు మారింది.

ఇల్మ్ వాగు దాటి, ఎత్తుమీద ఉన్న ఆల్టెన్‌బుర్గ్ ఇంటి దాకా నడిచాను. 1848 నుంచి దాదాపు పన్నెండేళ్ళు లిస్ట్, రాకుమారి కరోలీన్ కాపురం ఉన్నది ఇక్కడే. బయటి నుంచి చూసి వచ్చేశాను. ఆయన చివరి ఏళ్ళలో వేసవులు గడిపిన ఇల్లు మాత్రం లోపలికి వెళ్ళి చూడవచ్చు. మేడమీద గదిలో బెహ్‌స్టైన్ పియానో ఉంది. దేశదేశాల నుంచి వచ్చిన శిష్యులకు ఆయన ఇక్కడే పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పాడు. ఆయన బాణీ కూడా హాలీవుడ్‌కు అలాగే ఉచితంగా దక్కింది కదా అనిపించింది.

సీరియల్ తీసినవాళ్ళను తప్పుపట్టలేను. వారం వారం ఒక భాగం థియేటర్లకు పంపాలి, ఖర్చు చూస్తే కొంచెమే. సొంత స్టూడియోలో మూలుగుతున్న పాత సంగీతాన్నీ వదల్లేదు. ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ కోసం ఫ్రాంజ్ వాక్స్‌మన్ కట్టిన వరసలూ ఈ సీరియల్లో వినిపిస్తాయి. 1886లోనే పోయిన లిస్ట్‌కైతే ఎవరూ డబ్బు కట్టనక్కర్లేదు. కానీ ఎంపికలో చెవి ఉంది. షడ్జమం, కింది నిషాదం, పైకెగిరి గాంధారం: మూడే స్వరాలు. మొదట తీగవాద్యాల్లో ప్రశ్నలా మెల్లగా వస్తాయి, తర్వాత అవే ట్రాంబోన్ల గొంతులో గర్జిస్తాయి. తెరమీద అంతవరకు జరిగిన కథ అక్షరాలుగా ఏటవాలుగా పైకి పాకుతుంటే వెనక ఆ గర్జన. 1977లో స్టార్ వార్స్ ఆ పాకే అక్షరాలను ఇక్కడి నుంచే తీసుకుంది.

సాయంత్రం పార్కులో లిస్ట్ పాలరాతి విగ్రహం దగ్గర బెంచీ మీద కూర్చుని ఆ మూడు స్వరాలూ కూనిరాగం తీస్తున్నాను. పక్కన ఎనభై దాటిన పెద్దావిడ తల తిప్పి చూశారు. “ఆ పాట మీకెలా తెలుసు?” అన్నారు. నాకొచ్చిన జర్మన్‌లో సీరియల్ సంగతి చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. “మా అమ్మ అది వినిపిస్తే లేచి రేడియో కట్టేసేది. నాన్న తూర్పుకు వెళ్ళి తిరిగి రాలేదు” అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, చదివిందే. 1941 జూన్‌లో సోవియట్ యూనియన్ మీద దాడి మొదలయ్యాక, తూర్పు రంగం నుంచి వచ్చే విజయవార్తలకు ముందు నాజీ రేడియో ఊదించిన బాకా ఇదే కృతిలోది. అమెరికా పిల్లలు రాకెట్ల కోసం చెవులు రిక్కించిన మరుసటి ఏడే. నాకు రేడియో బాణీ అంటే తెల్లవారుజామున ఆకాశవాణి వినిపించేది. దాన్ని కట్టాడని చెప్పే వాల్టర్ కౌఫ్‌మన్ ఆ నాజీల బారిన పడకుండా బొంబాయి చేరిన యూదుడు.

ఏం మాట్లాడాలో తోచక ఫోను తీసి, ధ్వని పూర్తిగా తగ్గించి, సీరియల్ మొదటి భాగం పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని రాకెట్టు వెళ్తున్నంతసేపూ చూశారు.

“ఈ పొగ పైకి పోతుందేమిటి?” అన్నారు. తర్వాత, “కొంచెం వినిపించండి” అన్నారు.